హైబ్రిడ్ అంటే మిరప విత్తనం ఒక్కటేనా?



కిందటి వార్షికోత్సవానికి నేను కారులో వచ్చాను. కారు నాది కాదు, మా ఓనరు గారిది. నేను దాని డ్రైవర్ని. ఆయన్ని విజయవాడలో దించి, దారి కాస్త చుట్టయినా ఫరవాలేదని ఎర్రుపాలెం వచ్చాను. గేటు దగ్గర ఆపగానే పిల్లలంతా చుట్టూ చేరారు. కారు వెనక 'హైబ్రిడ్' అని రాసి ఉంది. తొమ్మిదో తరగతి తమ్ముడొకడు దాన్ని కూడబలుక్కుని చదివి, "అన్నా, హైబ్రిడ్ అంటే మిరప విత్తనాలు కదా, కారు మీదెందుకు రాశారు?" అని అడిగాడు. అందరూ గొల్లున నవ్వారు. వాడు సిగ్గుపడి వెనక్కి తగ్గాడు.

నాకు నవ్వు రాలేదు. ఎందుకంటే ఆ కారు మొదటిరోజు నా చేతికి వచ్చినప్పుడు నేను అంతకంటే తెలివితక్కువ పని చేశాను. బటన్ నొక్కితే ఇంజను చప్పుడు రాలేదు. స్టార్ట్ కాలేదనుకుని మళ్లీ నొక్కాను, ఆగిపోయింది. మళ్లీ నొక్కాను. చివరికి ఓనరు గారి దగ్గరికి వెళ్లి "సార్, బ్యాటరీ వీకైనట్టుంది" అని చెప్పాను. ఆయన నవ్వి, "స్టార్ట్ అయ్యే ఉంది, బ్రేకు వదిలి చూడు" అన్నారు. వదిలితే బండి చప్పుడు లేకుండా కదిలింది. పదేళ్లు స్టీరింగు పట్టినవాడిని, ఆ రోజు తల దించుకున్నాను.

అందుకే ఆ తమ్ముడికి ఆ రోజు హడావిడిలో చెప్పలేని జవాబు ఈ సంచికలో రాస్తున్నాను. దానితోపాటు నా మనసులో ఉన్న ఒక మాట కూడా చెప్పాలి. అది చివర చెబుతాను.

ప్రశ్న సరైనదే

మొదటి సంగతి, ఆ తమ్ముడి ప్రశ్నలో తప్పేమీ లేదు. మిరపలో హైబ్రిడ్ అంటే రెండు వేరువేరు రకాలను సంకరం చేసి, రెండింటి మంచి గుణాలు ఒకే మొక్కలోకి రావాలని తయారుచేసిన విత్తనం. కారులో కూడా అంతే. పెట్రోలు ఇంజను ఒకటి, కరెంటు మోటారు ఒకటి. ఒకదానికి చేతకాని పని రెండోది చేస్తుంది. బురదలో బండి కూరుకుపోతే మన పెద్దవాళ్లు ఇంకో జత ఎడ్లను తెచ్చి కట్టేవారు కదా, మోటారు ఆ రెండో జత లాంటిది. బండి బురద దాటాక ఆ జతను విప్పేస్తారు. ఇక్కడ విప్పడం, కట్టడం అంతా కారులోని కంప్యూటరే చూసుకుంటుంది.

ఇది నిన్నగాక మొన్న పుట్టిన ఆలోచన కూడా కాదు. 1900 ప్రాంతంలోనే ఫెర్డినాండ్ పోర్షే అనే ఇంజనీరు పెట్రోలు ఇంజనుతో కరెంటు పుట్టించి, చక్రాల్లో పెట్టిన మోటార్లతో నడిచే బండి తయారుచేశాడు. పెద్ద ఎత్తున తయారై జనంలోకి వెళ్లింది మాత్రం టయోటా ప్రియస్. అది జపాన్‌లో 1997 డిసెంబరులో వచ్చింది. మన దేశంలో 2008లో హోండా సివిక్ హైబ్రిడ్, 2010లో ప్రియస్ వచ్చినా ధర చూసి ఎవరూ పెద్దగా కొనలేదు. 2022లో హోండా సిటీ, టయోటా హైరైడర్, మారుతి గ్రాండ్ విటారా హైబ్రిడ్లు వచ్చాకే ఈ మాట సామాన్యుల చెవిన పడింది.

సైకిల్ డైనమో చెప్పే పాఠం

మా కాలంలో వాచ్‌మన్ తాత సైకిలుకు డైనమో ఉండేది. రాత్రిపూట దాన్ని టైరుకు ఆనిస్తే ముందు లైటు వెలిగేది. ఆ సైకిలు తొక్కినవాళ్లకు ఒక విషయం బాగా గుర్తుంటుంది. డైనమో ఆనించగానే పెడలు బరువెక్కేది. తొక్కడం ఆపితే సైకిలు మామూలుగా కంటే ముందే ఆగిపోయేది.

ఎందుకు? కరెంటు ఊరికే రాదు. చక్రం పరుగులో ఉన్న శక్తిని కొంత లాక్కునే డైనమో లైటు వెలిగిస్తుంది. అంటే డైనమో కరెంటు పుట్టిస్తూనే బ్రేకు పని కూడా చేస్తోందన్నమాట. ఈ ఒక్క ముక్క అర్థమైతే హైబ్రిడ్ కారు సగం అర్థమైనట్టే.

మామూలు కారులో బ్రేకు తొక్కితే ఏమవుతుంది? బ్రేకు ప్యాడ్లు డిస్కును పట్టుకుంటాయి, రాపిడికి వేడి పుడుతుంది, ఆ వేడి గాలిలో కలిసిపోతుంది. అంతసేపూ పెట్రోలు కాల్చి తెచ్చుకున్న వేగమంతా వేడిగా మారి పోయింది. హైబ్రిడ్ కారులో బ్రేకు మీద కాలు మెల్లగా పెడితే ముందు మోటారే డైనమోగా మారుతుంది. బండి వేగం తగ్గుతుంది, ఆ శక్తి కరెంటుగా బ్యాటరీలోకి వెళుతుంది. మళ్లీ కదిలేటప్పుడు అదే కరెంటుతో మోటారు చక్రాలను తిప్పుతుంది. గట్టిగా తొక్కితే మాత్రం మామూలు బ్రేకులు కూడా పడతాయి.

ఎంత మిగులుతుందో లెక్క వేద్దాం. ఫిజిక్స్ పుస్తకంలో గతిశక్తి సూత్రం ఉంది కదా, ద్రవ్యరాశిని వేగం వర్గంతో గుణించి సగం చేయడం. 1200 కిలోల కారు గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతుంటే దాని గతిశక్తి సుమారు 1,67,000 జౌళ్లు. ఒక లీటరు పెట్రోలులో సుమారు 3 కోట్ల 30 లక్షల జౌళ్ల శక్తి ఉంటుంది. కానీ ఊళ్లో నడిచేటప్పుడు ఇంజను అందులో నాలుగో వంతు మాత్రమే చక్రాలకు అందిస్తుందనుకుందాం. మిగతాది రేడియేటరు వేడిగా, సైలెన్సరు పొగగా పోతుంది. ఈ లెక్కన కారును ఒక్కసారి ఆ వేగానికి తేవడానికి దాదాపు 20 మిల్లీలీటర్ల పెట్రోలు కావాలి. అంటే 60 వేగంలో 50 సార్లు బ్రేకు వేసి ఆపితే ఒక లీటరు పెట్రోలు రోడ్డు మీద పారబోసినట్టే. హైదరాబాద్ ట్రాఫిక్‌లో తిరిగేవాడికి 50 సార్లు ఆగడం ఒక లెక్కా? అలా పోయేదాంట్లో సగం తిరిగి పట్టుకున్నా ఎంత మేలో ఆలోచించండి.

హైబ్రిడ్ పొదుపు చేసే దారులు ఇంకా ఉన్నాయి. సిగ్నల్ దగ్గర ఇంజను ఆగిపోతుంది. నెమ్మదిగా పాకేటప్పుడు మోటారే లాగుతుంది. పెట్రోలు ఇంజను నెమ్మదిగా నడిచేటప్పుడే ఎక్కువ వృథా చేస్తుంది, మోటారుకు మాత్రం నిలబడ్డ బండిని లాగడమే తేలిక. అందుకే ఎవరికి చేతనైన పని వాళ్లకు అప్పగించారు.

మన స్టేషన్లో రోజూ చూసేదే

ఈ సంగతి చూడటానికి కారే అక్కర్లేదు. స్టడీ అవర్లో కూర్చుంటే మన చెవిన పడే రైలు కూతలున్నాయి కదా, కాజీపేట - విజయవాడ లైనులో పోయే ఆ రైళ్లే సాక్ష్యం. పాత డీజిల్ ఇంజను చూసిన సీనియర్లకు తెలియకపోవచ్చు, అందులో డీజిల్ నేరుగా చక్రాలను తిప్పదు. డీజిల్ ఇంజను జనరేటరును తిప్పుతుంది, ఆ కరెంటుతో మోటార్లు చక్రాలను తిప్పుతాయి. పెద్ద బ్యాటరీ ఒకటి పెడితే అదీ హైబ్రిడ్డే అయ్యేది. అది లేకనే, మోటార్లతో బ్రేకు వేసినప్పుడు పుట్టిన కరెంటును ఇనుప కడ్డీల్లాంటి రెసిస్టర్లలో వేడిగా మార్చి వదిలేసేవారు.

ఇప్పుడు మన లైనులో పోయే డబ్ల్యూఏపీ-7 లాంటి కొత్త కరెంటు ఇంజన్లు అలా వదిలేయవు. బ్రేకు వేసినప్పుడు పుట్టిన కరెంటును పైన ఉన్న 25 వేల వోల్టుల తీగలోకే తిరిగి పంపుతాయి. అది అదే లైనులో మరో రైలుకు ఉపయోగపడుతుంది. రైలుకు పైన తీగ ఉంది. కారుకు తీగ లేదు కాబట్టి బ్యాటరీ మోసుకు తిరుగుతుంది. తేడా అంతే.

ప్యాకెట్ మీది దిగుబడి, చేలో పండిన దిగుబడి

ఇక్కడే ఒక జాగ్రత్త చెప్పాలి. మిరప విత్తనాల ప్యాకెట్ మీద ఎకరానికి ఇన్ని క్వింటాళ్లు అని చెబుతారు. మన చేలో ఎంత పండుతుందో మన నాన్నలకు తెలుసు. కారు మైలేజీ కూడా అంతే. కంపెనీలు చెప్పే అంకె గదిలో రోలర్ల మీద ఒక నిర్ణీత పద్ధతిలో నడిపి కొలిచినది. అది అబద్ధం కాదు, కానీ మన రోడ్డూ కాదు.

2022లో వచ్చిన గ్రాండ్ విటారానే తీసుకోండి. పూర్తి హైబ్రిడ్ రకానికి లీటరుకు 27.97 కిలోమీటర్లని, గేర్లు మార్చే రకానికి 21.11 అని ప్రకటించారు. ఆ అంకెలనే నమ్మినా పదివేల కిలోమీటర్లకు మిగిలేది సుమారు 116 లీటర్లు. పెట్రోలు లీటరు వంద రూపాయలనుకుంటే 11,600 రూపాయలు. హైబ్రిడ్ కారుకు మూడు లక్షలు ఎక్కువ పెట్టారనుకోండి. ఏడాదికి పదివేల కిలోమీటర్లు తిరిగే ఉద్యోగికి ఆ మూడు లక్షలు తిరిగి రావడానికి దాదాపు 26 ఏళ్లు పడుతుంది. అప్పటికి కారు ఉండదు. అదే ఏడాదికి 60 వేలు తిరిగే ట్యాక్సీ అయితే నాలుగేళ్ల పైచిలుకులో వచ్చేస్తుంది. కాబట్టి హైబ్రిడ్ మంచిదా కాదా అనే ప్రశ్నకు ఒక్క జవాబు లేదు. ఎవరు, ఎక్కడ, ఎంత తిరుగుతారు అన్నదే అసలు ప్రశ్న.

ఎక్కడ అన్నది కూడా ముఖ్యమే. నా అనుభవంలో సిటీలో మంచి మైలేజీ చూపించిన కారే హైవే ఎక్కి నూరు దాటించగానే తగ్గుతుంది. మామూలు బండికి హైవేలో పెరుగుతుంది, దీనికి తగ్గుతుందేమిటని మొదట్లో ఆశ్చర్యపోయాను. హైవేలో బ్రేకులే వేయకపోతే తిరిగి పట్టుకోవడానికి ఏముంది? పైగా గాలి నిరోధం వేగం వర్గంతో పెరుగుతుంది. 80లో ఉన్న గాలి దెబ్బ 100కు వెళ్తే ఒకటిన్నర రెట్లవుతుంది. ఏ హైబ్రిడ్డూ గాలిని మోసం చేయలేదు.

ఇంకో అపోహ. చాలామంది "ఇది సగం కరెంటు బండి" అంటారు. గ్రాండ్ విటారా హైబ్రిడ్ బ్యాటరీలో పట్టేది 0.76 యూనిట్లు. మన ఇంటి మీటరులో ఒక్క యూనిట్ కూడా కాదు. దాన్ని ఇంట్లో ప్లగ్గుకు పెట్టి నింపేది కూడా లేదు. అందులోకి వచ్చే కరెంటంతా మొదట పెట్రోలు నుంచి పుట్టిందే. హైబ్రిడ్ కొత్త శక్తిని తేదు. ఉన్నదాన్ని పారబోయనివ్వదు, అంతే. మన ఇళ్లలో అమ్మలు మిగిలిన అన్నాన్ని పొద్దున్నే తాలింపు వేసి పెట్టినట్టు.

స్టిక్కర్ చూసి అప్పు చేసినవాడు

ఇది తెలియకపోతే ఏమవుతుందో ఒక ఉదాహరణ. మా బ్యాచ్ మిత్రుడొకడు ట్యాక్సీ తిప్పుకుందామని వడ్డీకి తెచ్చి పాత కారు కొన్నాడు. వెనక హైబ్రిడ్ అని ఉంది. అమ్మినవాడు "సగం పెట్రోలు మిగులుతుంది తమ్ముడూ, సిగ్నళ్ల దగ్గర బ్యాటరీతోనే పోతుంది" అని చెప్పాడు. మూడు నెలలు తిప్పాక వాడు నాకు ఫోన్ చేసి, "అన్నీ బాగానే ఉన్నాయి గానీ ఇది బ్యాటరీ మీద ఒక్క గజం కూడా పోవట్లేదురా" అన్నాడు.

అది మైల్డ్ హైబ్రిడ్. అందులో చిన్న మోటారు ఇంజనుకు కాస్త చేయి కలుపుతుంది, ఆగినప్పుడు ఇంజను ఆపి మళ్లీ లేపుతుంది, కాస్త కరెంటు దాస్తుంది. ఒంటరిగా బండిని లాగలేదు. కొంచెం పొదుపు ఉంటుంది, సగం ఉండదు. ఒంటరిగా కూడా లాగగలిగేదాన్ని స్ట్రాంగ్ హైబ్రిడ్ అంటారు. పెద్ద బ్యాటరీ పెట్టి బయటి కరెంటుతో కూడా నింపుకునేది ప్లగ్ ఇన్ హైబ్రిడ్. మూడింటికీ పేరు ఒకటే, పని వేరు. మా మిత్రుడు పోగొట్టుకున్నది పెట్రోలు డబ్బు కాదు, వడ్డీ డబ్బు. వాడు చదువులో నాకంటే ముందుండేవాడు. తెలివి లేక కాదు, చెప్పేవాడు లేక మోసపోయాడు.

మన బస్సును మరిచిపోవద్దు

హైబ్రిడ్ కార్లను నెత్తిన పెట్టుకోమని నేను చెప్పడం లేదు. ఆర్టీసీ బస్సు లీటరు డీజిల్‌కు సుమారు ఐదు కిలోమీటర్లే పోతుంది. కానీ అందులో యాభై మంది కూర్చుంటే ఒక్క లీటరుతో ఒక మనిషి 250 కిలోమీటర్లు పోయినట్టు లెక్క. పాతిక మైలేజీ ఇచ్చే హైబ్రిడ్ కారులో మా ఓనరు గారు ఒక్కరే వెనక కూర్చుంటే, నన్ను లెక్కలో వేయకపోతే, అది పాతికే. సగం ఖాళీగా ఉన్న పల్లెవెలుగు బస్సు కూడా దానికంటే ఐదు రెట్లు పొదుపు.

మన దేశం వాడే ముడి చమురులో 85 శాతానికి పైగా బయటి దేశాల నుంచే కొంటున్నాం. ప్రభుత్వం కరెంటు కార్ల మీద 5 శాతం జీఎస్టీ మాత్రమే వేసి, పెద్ద హైబ్రిడ్ కార్ల మీద 2025 సెప్టెంబరు 22 నుంచి 40 శాతం వేస్తోంది. అంతకుముందు సెస్సుతో కలిపి 43 శాతం ఉండేది. హైబ్రిడ్‌కు ఇంకా తగ్గించాలని కొన్ని కంపెనీలు, వద్దని కొన్ని కంపెనీలు వాదిస్తున్నాయి. నా అభిప్రాయం అడిగితే, ముందు బస్సుల సంఖ్య పెంచండి, తర్వాత ఎవరి కారుకు ఎంత పన్నో తేల్చుకోండి అంటాను. మధిర నుంచి చివరి బస్సు తప్పిపోతే ఎలా ఉంటుందో మనకు తెలిసినట్టు వాళ్లకు తెలియదు.

ఇక నా మనసులోని మాట

మరి కారు కొనలేని మనకు ఇదంతా ఎందుకు? ఇక్కడే అసలు విషయం ఉంది. మనం కారు కొనకపోవచ్చు. కానీ కారు తోలేది మనమే, విప్పేది మనమే, కడిగేది మనమే. మా బ్యాచ్‌లో ముగ్గురం మోటారు పనిలోకి వెళ్లాం. ఒకడు సొంతంగా షెడ్డు పెట్టుకున్నాడు. శబ్దం విని ఇంజను జబ్బు చెప్పేస్తాడు. అలాంటివాడు తన షెడ్డుకు హైబ్రిడ్ కారు వస్తే బానెట్ ఎత్తి, నారింజ రంగు వైరు చూసి, "కంపెనీ షోరూంకి తీసుకుపోండి సార్" అని పంపించేస్తున్నాడు.

వాడు చేసింది సరైన పనే. ఆ నారింజ రంగు వైర్లలో వందల వోల్టులు ఉంటాయి. పద్ధతి తెలియకుండా ముట్టుకుంటే ప్రాణం పోతుంది. ముందు రబ్బరు గ్లవ్స్ వేసుకోవాలి, బ్యాటరీని వేరుచేసే ప్లగ్గు తీయాలి, చెప్పినంత సేపు ఆగాలి, మీటరుతో చూసుకున్నాకే చేయి పెట్టాలి. ఈ పద్ధతి నేర్పితే వాడికి వారం చాలు. నేర్పేవాడు లేడు. ఏటేటా ఇలాంటి కార్లు పెరుగుతుంటే, పనోడైన మన మిత్రుడి షెడ్డుకు వచ్చే బండ్లు ఏటేటా తగ్గుతాయి. ఇది మైలేజీ సమస్య కాదు, మన అన్నం సమస్య.

దారులు లేకపోలేదు. 2024లో తెలంగాణ ప్రభుత్వం టాటా టెక్నాలజీస్‌తో కలిసి రాష్ట్రంలో 65 ఐటీఐలను అధునాతన శిక్షణ కేంద్రాలుగా మార్చే పని మొదలుపెట్టింది. ఎలక్ట్రిక్ వాహనాల మెకానిక్ కోర్సు ఐటీఐల్లో ఇప్పుడు ఉంది. పదో తరగతి తర్వాత ఐటీఐకి వెళ్లేవాళ్లు చదువురానివాళ్లు అనే చిన్నచూపు మన హాస్టల్లో కూడా ఉంది. ముందు అది పోవాలి. డీజిల్ మెకానిక్ నేర్చినవాడు కరెంటు నేర్చుకోవాలి, కరెంటు నేర్చినవాడు ఇంజను నేర్చుకోవాలి. కారే హైబ్రిడ్ అయినప్పుడు మెకానిక్ కాకపోతే ఎలా?

పూర్వ విద్యార్థులైన అన్నలకు ఒక విన్నపం. ప్రతి వార్షికోత్సవానికి మనం చందాలు వేసుకుని శాలువాలు, మెమెంటోలు, ఫ్లెక్సీలు తెస్తున్నాం. ఈసారి శాలువాలు సగం తగ్గిద్దాం. ఆ డబ్బుతో ఒక పాత సైకిలు, దానికో డైనమో, ఒక చిన్న మోటారు, ఒక బ్యాటరీ, ఒక మల్టీమీటరు కొని హాస్టల్లో పెడదాం. ఆదివారాలు మనలో పని తెలిసిన ఒకరం వచ్చి చూపిద్దాం. నేను నెలకొక ఆదివారం రావడానికి సిద్ధం. వార్డెన్ సార్ అనుమతిస్తారనే నా నమ్మకం.

చివరగా, ప్రశ్న అడిగి సిగ్గుపడిన తమ్ముడికి. నువ్వు అడిగింది సరైన ప్రశ్న. ఆ రోజు నవ్వినవాళ్లలో ఎవరికీ జవాబు తెలియదు, అందుకే నవ్వారు. ఇప్పుడు నీకు తెలుసు. ఈసారి నేను వచ్చినప్పుడు బానెట్ ఎత్తుతాను. ఏ వైరు ముట్టుకోకూడదో ముందు నువ్వు చెప్పాలి. ఆ తర్వాతే మిగతావి మాట్లాడుకుందాం.

ఇట్లు,
మీ పూర్వ విద్యార్థి,
డ్రైవరు, హైదరాబాద్